శరణమ్మకు ఫోనెందుకు

జహీరాబాద్,
జులై.

నా తల్లి ప్రత్యూషకు మీ తాత వీరప్ప రాసేది.

ఇక్కడ అందరం మంచిగున్నం. నువ్వు గూడ మంచిగున్నవని మీ అమ్మ చెప్పింది. మీ హాస్టలోళ్లు ఆదివారం ఫోన్ల మాట్లాడనిచ్చే జరంత సేపట్ల ఆమె ‘తిన్నవా, తలకు నూనె పెట్టుకున్నవా’ అనే అడుగుతది. ఇంటి ముచ్చట ఒక్కటి చెప్పది. అందుకే నేను కాయితం పట్టిన. ఐదో తరగతి ఫెయిలైనోని రాత గిట్లనే ఉంటది. తప్పులుంటే దిద్దుకో, నాకు మాత్రం చెప్పకు.

ముచ్చట ఏందంటే, మీ అమ్మ ఫోను దోసె పిండిల పడ్డది. ఎట్ల పడ్డదంటే ఒక్కొక్కళ్లకు ఒక్కో తీరు చెప్తున్నది. నాకు చెప్పిన తీరుల ఒక పిల్లి గూడ ఉన్నది. తీసి తుడిచి బియ్యంల పాతిపెట్టిన్రు. బతికింది గాని కండ్లు పోయినయి. ఫోటో తీస్తే అందరం ఇడ్లీల లెక్క వస్తున్నం. మీ నాయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి, రొట్టె తినుకుంట అన్నడు: "నాయనా, ఇంటికొక కొత్త ఫోను కొందామా? పెద్దది. నువ్వు, అమ్మ గూడ చూసుకోవచ్చు."

ఈ ఇంట్ల నన్ను ఒక మాట అడిగి చాన ఏండ్లయింది. అందుకే తొందరపడి జవాబియ్యలే. "ఆలోచన చెయ్యాలె" అన్న. అని బస్టాండ్ కాడ మన అజీజ్ దుకాణానికి పోయి కూసున్న. ఎనుకట గడియారాలు బాగుచేసెటోడు, ఇప్పుడు ఫోన్లకు అద్దాలేస్తున్నడు.

"కొను వీరప్పా, ఫికర్ చెయ్యకు" అన్నడు.

"నువ్వట్లనే అంటవ్. పగిలితే నీకే గిరాకీ."

"నీ పాత డబ్బా పగలదు గద భాయ్, దాంతోని నాకేం ఫాయిదా" అన్నడు. ఉన్న మాట అన్నడు.

జర ఇను. నా బటన్ల ఫోను మంచం మీంచి పడ్డది, స్కూటర్ మీంచి పడ్డది, ఒకపారి బర్రె కాలు కింద పడ్డది. బర్రె కుంటింది, ఫోను మోగింది. చార్జింగ్ పెడితే మల్ల వారం దాక అడగదు. కొత్త ఫోన్లోళ్లను బస్టాండ్ల చూస్తున్న గద, అందరు మెడలు వంచి, కింద పడ్డ సూది దేవులాడినట్టు నిలబడ్తరు. ఎక్కాల్సిన బస్సు ముంగటి నుంచి పోయినా తెల్వదు. మీ నాయన చేతికి గసొంటిది వస్తే ఇగ మనకు వాని మొఖం కనపడది, నెత్తి మీది సుడి కనపడ్తది.

ఇగ మీ అవ్వ సంగతి. రెండు చెవులు వినపడని శరణమ్మకు ఫోనెందుకు? చెవి మిషన్ కొనిస్తే "కీచుమంటున్నది" అని చక్కెర డబ్బల పెట్టింది. ఆమెకు ఫోను నేనే. అక్కచెల్లెండ్లిద్దర్ని అన్నదమ్ములం చేసుకున్న పాపానికి సోలాపూర్ ముచ్చట్లన్ని నా చెవి మీంచే పోవాలె. మీ పెద్దవ్వ కాశమ్మ అటు నుంచి ఒక మాట అంటది. నేను చేతులు తిప్పి, మూతి తిప్పి మీ అవ్వకు చూపిస్త. మీ అవ్వ ఇటు నుంచి ఒకటంటది. దాన్ని అటు అందిస్త. మొన్న పెద్దవ్వ ఏమన్నదో ఎరుకేనా? "మరిదికి రొట్టె మీద నెయ్యి మంచిగెయ్యి, చిక్కిపోయిండంట" అన్నది. ఆనాటి సంది మీ అవ్వ ఏస్తున్నది. గింత మంచిగ పనిచేసే ఫోను ఇంట్ల ఉండంగ ఇంకొకటెందుకు?

నీకేమనిపిస్తే అది రాయి. నేనన్నదే నీకు గూడ అనిపిస్తదనుకుంటున్న.

మీ తాత
వీరప్ప

*

హన్మకొండ,
ఆగస్టు.

ప్రియమైన తాతకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు మా గదిలో చదువు సాగలేదు. నా పక్క మంచం గ్లోరీ పుస్తకం మూసేసి, ఇంకోసారి చదవమంది. పిల్లి సంగతి అమ్మను అడిగాను. పిల్లి లేదట. పిల్లిని కలిపింది నువ్వేనట.

అభిప్రాయం అడిగావు కాబట్టి రెండు వైపులా ఆలోచించే రాస్తున్నాను. కొత్త ఫోనుకు రోజూ చార్జింగ్ పెట్టాలి, నిజమే. కింద పడితే అజీజ్ తాత దగ్గరికి పరుగెత్తాలి, అదీ నిజమే. నాన్న అన్నం తింటూ వీడియోలు చూస్తాడు. ఇప్పుడు అన్నం తింటూ నిద్రపోతున్నాడు, దానికంటే నయం కదా. ఎవరో ఫోన్ చేసి బ్యాంకు నుంచి అంటారు, అంకెలు చెప్పమంటారు. నువ్వు వాళ్లనే ఏడిపించి పంపుతావని నాకు నమ్మకముంది గానీ, అమ్మ కంగారుపడి చెప్పేస్తుంది. ఇవన్నీ వద్దనే వైపు వేసుకో.

కొనాలనే వైపు నాకు ఒక్కటే కనిపిస్తోంది. అది అవ్వ. వేసవి సెలవుల్లో వచ్చినప్పుడు ఆమెకు వినపడాలని గట్టిగా అరిచి ఏదో చెప్పాను. "ఎందుకు తిడుతున్నవ్ బిడ్డా" అంది. ఆ మాట ఇంకా నా మనసులోంచి పోలేదు. ఈ మధ్య ఎవరైనా పలకరిస్తే తల ఊపేసి పెరట్లోకి వెళ్లిపోతోందని అమ్మ చెప్పింది. అవ్వకు చెవులే పోయాయి తాతా, కళ్లు మనందరికంటే బాగున్నాయి. బియ్యంలో రాయి ఇప్పటికీ ఆమెకే కనిపిస్తుంది. కొత్త ఫోన్లో పెద్దవ్వ మొహం చూడొచ్చు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటే చాలదా? ఈ ఆలోచన ఇంట్లో ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు రాలేదో నాకర్థం కావడంలేదు.

లేక ఎవరికైనా వచ్చిందా?

ఒక్క సందేహం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పెద్దవ్వ నిన్ను మెచ్చుకోగా వినలేదు. నా చిన్నప్పుడు మీరిద్దరూ పండక్కి కలిస్తే మొదటి కాఫీ కంటే ముందే కొట్లాట మొదలయ్యేది. ఆ పెద్దవ్వ నీ రొట్టె మీద నెయ్యి గురించి దిగులుపడుతోందా? ఆమె సరిగ్గా ఏ మాటలంది, ఉన్నవి ఉన్నట్టు రాయగలవా?

నీ
ప్రత్యూష

*

జహీరాబాద్,
సెప్టెంబర్.

ప్రత్యూషా,

ఈ కాయితంల నవ్వులాట తక్కువుంటది, కూసొని చదువు.

నెయ్యి మాట నాదే. నీ చేతికి దొరికిన. గీ తెలివి మీ నాయనకు రాలే, నీకు ఎక్కడ్నుంచి ఊడిపడ్డదో. పెద్దవ్వ ఆనాడు అన్నదేందంటే, "వాడు నెయ్యి తిని తిని పీపాలెక్క అయ్యుంటడు" అని. మాటల నెయ్యి అయితే ఉన్నది గద, జర అటు ఇటు చేసి చెప్పిన. ఆమె "నీ కోడలికి వంట రాదు" అంటే "కోడలు బంగారం" అని చూపించిన. మీ అవ్వ "అక్కకు నోరెక్కువ" అంటే, "అక్కా, నీ మాటకు పానం లేచొస్తది" అని అటు పంపిన. నా పుణ్యాన రెండిండ్ల నడుమ ఒక్క లొల్లి లేకుంట నడిచింది. కొత్త ఫోను వస్తే గీ పని ఎవరు చేస్తరు? నేను వద్దన్నది గందుకే. ఇగ దాస్తే లాభం లేదు.

పొలాల అమాస నాడు పెద్దవ్వ ఫోన్ చేసింది. నేను ఎప్పటి లెక్కనే పూలు చల్లినట్టు చేతులు తిప్పుతున్న. మీ అవ్వ నా చేతులు పట్టుకొని ఆపింది.

"మా అక్క నన్ను తిడ్తలేదేంది?" అన్నది. "పుట్టినప్పటి సంది తిట్టంది ఒక్క పూట లేదు. ఇప్పుడు ఎన్ని దినాలయితున్నది ఒక్క తిట్టు రాక? నువ్వు తెచ్చేటివి మా అక్క మాటలు కావు."

నేను నవ్విన. నవ్వినందుకు ఇప్పుడు నాకు బువ్వ ఎక్కుతలేదు.

ఎందుకంటే ఆ తర్వాత వారమే సోలాపూర్ల పెద్దవ్వ స్నానాలగదిల జారి పడ్డది. తుంటి బొక్క ఇరిగింది. దవాఖానల ఆపరేషన్ చేసి ఇంటికి తోలిన్రు. పానానికి ఫికర్ లేదు గాని మంచం దిగొద్దన్నరంట. గీ ముచ్చట మీ అవ్వకు ఉన్నదున్నట్టు చెప్పిన. ఒక్క మాట కలపలే. మీ అమ్మ గూడ చెప్పింది. మీ అవ్వ నా మొఖం చూసింది, మీ అమ్మ మొఖం చూసింది.

"కాశక్క సచ్చిపోయింది" అన్నది. "మీరు నాకు దాస్తున్నరు. ఎన్నడు పోయిందో చెప్పున్రి."

లేదన్నం. ఒట్టు పెట్టినం. నేను ఎంత గట్టిగ ఒట్టు పెడితే అంత నమ్ముతలేదు. ఇంతకుముందు ఎన్నడన్న ఉత్తగ ఒట్టు పెట్టినవా అని నువ్వడుగుతవ్. పెట్టిన. చాన పెట్టిన.

మీ నాయన సోలాపూర్ బస్సెక్కించి తీస్కపోయిండు. చెవుల జబ్బుకు తల గిర్రున తిరుగుతది గద, చిరాగ్‌పల్లి రాకముందే వాంతులు చేసుకొని, కండ్లు తేలేసింది. నడుమల దించి ఆటోల వాపస్ తెచ్చిండు. కారుల పోదామంటే డాక్టర్ వద్దన్నడు. ఇప్పుడు పెరట్ల గోడకు ఒరిగి కూసుంటది. ఎంత బతిలాడినా అర్ధ రొట్టె దాటది. నా మీద కోపం జేస్తలేదు. కోపం జేస్తే మంచిగుండు.

ఫోను కొనాలె. ఆమె కండ్లకు వాళ్ల అక్కను చూపించాలె. నేను చెప్తే నమ్మది, చూస్తె నమ్ముతది. ఎసొంటిది తేవాల్నో, దాంట్ల ఏమేం ఉండాల్నో జల్ది రాయి. అజీజ్ అయితే వాని దుకాణంల ఉన్నదే మంచిదంటడు.

మీ తాత

*

హన్మకొండ,
సెప్టెంబర్.

తాతా,

ఉత్తరం చదివి అప్పుడే వార్డెన్ మేడంను అడిగి అమ్మకు ఫోన్ చేశాను. అవ్వ తిన్నదా అని అడిగాను. ఈసారి ఆ ప్రశ్న అడగడం నా వంతయింది.

ఫోను గురించి చెప్తాను, ఇదంతా అజీజ్ తాతకు చదివి వినిపించు. మడత పెట్టేవి, చంద్రుణ్ని ఫోటో తీసేవి మనకు అక్కర్లేదు. అద్దం పెద్దగా ఉండాలి, మనిషి మొహం అరచేయంత కనిపించాలి. మన వైపు చూసే కెమెరా మంచిది ఉండాలి. దుకాణంలో అందరూ వెనక కెమెరా గురించే చెప్తారు, నమ్మకు. ఎండలో కూడా బొమ్మ కనపడాలి, అవ్వ పెరట్లోంచి లోపలికి రానంటుందేమో. వెనకాల లావుపాటి రబ్బరు తొడుగు వేయించు. రంగు విషయంలో మాత్రం అవ్వకు నచ్చింది తీసుకో. నిలబెట్టడానికి చిన్న స్టాండు అడుగు, చేతులు ఖాళీగా ఉండాలి కదా.

ఎదుటివాళ్లు కూడా వెలుతురులో కూర్చోవాలి. పెద్దవ్వ మంచాన్ని కిటికీ వైపు తిప్పమని ముందే చెప్పు.

ఇంకొక్క మాట. నువ్వు మాటలు మార్చింది కొట్లాటలు రాకూడదనే. నాకు తెలుసు. కానీ వాళ్లిద్దరికీ కొట్లాట కూడా కావాలేమో తాతా.

ప్రత్యూష

*

జహీరాబాద్,
అక్టోబర్.

ప్రత్యూషకు,

కొన్నం. పని కాలే. రెండు ముచ్చట్లు చెప్త.

ఫోన్లమ్మే దుకాణానికి నేను, మీ నాయన, అజీజ్ ముగ్గురం పోయినం. అక్కడి పిలగాడు చంద్రుని ఫోటో చూపించిండు. "నాకు చంద్రుడు వద్దు, నా పెండ్లాం అక్క కావాలె" అన్న. వానికి ఏం సమజ్ కాలే. అజీజ్ ఒక్కొక్క ఫోను ఎండల పెట్టి, నన్ను ముంగట నిలబెట్టి, "దీంట్ల నీ మొఖం మరీ అసలు లెక్కనే వస్తున్నది, ఇది వద్దు" అనుకుంట చూసిండు. ఆఖరికి నువ్వు చెప్పినట్టు పెద్ద అద్దంది, నీలం రంగుది తీసుకున్నం. మీ అవ్వను అడిగితే రంగు చెప్పలే, నీకు ఇష్టమున్న రంగే తెచ్చిన.

అన్ని నువ్వు చెప్పినట్టే పెట్టినం. మీ అవ్వను మంచం మీద కూసోబెట్టినం, స్టాండ్ల ఫోను నిలబెట్టినం. మీ అమ్మ సోలాపూర్‌కు కొట్టింది. బొమ్మ పడ్డది.

ఎవరి బొమ్మ? మా అన్నది. విరూపాక్షప్ప దొరవారిది.

ఆ ఫోను వాళ్ల కోడలిది. గాని ఇంటికి పెద్దమనిషి ఉండంగ కోడలెట్ల ఎత్తుతది? ఆయనే పట్టుకొని, అద్దమంత మీసాలు నింపి కూసున్నడు. మీ అవ్వ తన బావను చూసుడుతోటే మంచం దిగింది. కింద కూసొని కొంగు నెత్తి మీదికి గుంజుకొని తల వంచింది. పెండ్లయిన కాడి నుంచి బావ ముంగట మంచం మీద కూసోలే, తలెత్తి చూడలే. ఫోన్ల అయితే ఏంది, బావ బావనే గద ఆమెకు. మేం ఎవలం గీ సంగతి సోంచాయించలే. నువ్వు గూడ.

మా అన్న వానల సంగతి అడిగిండు, అల్లం పంట సంగతి అడిగిండు. మీ నాయన నడుమల అందుకొని, "పెద్దనాయనా, జర పెద్దమ్మను చూపించు, అమ్మ చూస్తదంట" అన్నడు.

"పడకల ఉన్న ఆడమనిషిని ఫోన్ల చూపిస్తరారా?" అన్నడు మా అన్న. "తల దువ్వలే, చీర సక్కగ లేదు. ఇంటి మర్యాద ఏమన్న ఉన్నదా? లేచి తిరిగినంక చూపిస్త." అని పెట్టేసిండు.

నేను తమ్ముణ్ని, ఎదురు చెప్పలేను. ఆయన ముంగట నా నోరు ఐదో తరగతికి పోతది.

మీ అవ్వ కొంగు తీసింది. మా మొఖాలు చూసి అడిగింది, "అక్కను చూపించలే గద?"

లేదన్నట్టు తల ఊపిన.

"ఉంటే చూపిస్తుండె" అన్నది. లేచి పెరట్లకు పోయింది. ఆ పూట నీళ్లు దప్ప ముట్టలే. ఎనుక అనుమానం ఉండె, ఇప్పుడు ఖాయం చేసుకున్నది. ఫోను తెచ్చి గీ పని చేసిన నేను. మీ అమ్మ దాన్ని డబ్బల పెట్టి అల్మారల పెట్టింది. అజీజ్ "వాపస్ ఇచ్చేద్దామా" అంటున్నడు.

మీ తాత

*

హన్మకొండ,
అక్టోబర్.

తాతా,

నేనే తొందరపెట్టాను. కెమెరా, వెలుతురు, స్టాండు అన్నీ రాశాను గానీ అవ్వ బావ ముందు తలెత్తదని నాకు తట్టలేదు. పుస్తకాలు ముందు పెట్టుకుంటే కొంగు కప్పుకున్న అవ్వే కనిపిస్తోంది.

ఫోను వాపస్ ఇవ్వకు. నీకు చేతులు జోడించి చెప్తున్నాను. తప్పు దానిది కాదు. పెద్ద తాత ఆ గదిలో లేని ఒక్క పూట దొరికితే చాలు. వాళ్ల కోడలు మంచిది, అమ్మ అడిగితే ఫోను పెద్దవ్వ ముందు పెడుతుంది. కానీ ఆయన ఇల్లు కదలడని అమ్మ అంటోంది. పెద్దవ్వ పడినప్పటి నుంచి మంచం పక్క కుర్చీ వదలడంలేదట. ఆయనా పాపం భయపడుతున్నాడేమో.

ఆయన్ను ఎదిరించమని నిన్ను అడగను. నీకు చేతనైనది ఇంకేదో ఉంటుంది. మా అందరినీ ఇన్నేళ్లు ఏడిపించినవాడివి, ఒక్క మనిషిని కుర్చీలోంచి లేపలేవా?

ప్రత్యూష

*

జహీరాబాద్,
నవంబర్.

నా బంగారు తల్లీ ప్రత్యూషా,

లేపిన.

నీ కాయితం సదివినంక బయట అరుగు మీద కూసొని మా అన్న గురించి ఆలోచన చేసిన. ఆయనకు తిండి మీద ఆశ లేదు, పైస మీద లేదు. ఒక్కటే ఉన్నది. వాదంల గెలవాలె. గెలిచేదాక వదలడు. మా ఇద్దరి నడుమ యాభై ఏండ్ల సంది తెగని వాదం ఒకటున్నది. మొగుడంపల్లి వాగుల మా నాయన బండి దిగబడ్డప్పుడు చక్రం లేపి బయటికి గుంజింది ఎవరు? నేనే అని నేను, తానే అని ఆయన. మా నాయన పోయే ముంగట గూడ మేం అడిగినం, ఆయన నవ్విండు గాని చెప్పలే. ఎవరు లేపిన్రో నాకు ఎరుకే. నేనే లేపిన. మా అన్న ఒడ్డు మీద చెప్పులు పట్టుకొని నిలబడ్డడు.

మీ అమ్మ, సోలాపూర్ కోడలు ఇద్దరు ముందే అనుకున్నరు. మీ నాయన సెలవు పెట్టిండు. అందర్ని లోపల ఉంచి, నేను అరుగు మీద కూసొని, నా పాత బటన్ల ఫోను తోని మా అన్న బటన్ల ఫోనుకు కొట్టిన. ఆయన గదిల ఆ ఫోనుకు సిగ్నల్ మంచిగ అందది, గట్టిగ మాట్లాడాలంటే వీధిలకు రావాలె. ఆ సంగతి నాకు ఎరుకే.

"అన్నా, వాగుల బండి ముచ్చట నా కొడుకు మల్లికార్జున్‌కు చెప్తున్న" అన్న. "నేను ఒక్కన్నే ఎట్ల లేపిన్నో చెప్తున్న. నువ్వు భయపడి ఏడ్చినవని గూడ చెప్పిన."

కుర్చీ చప్పుడైంది. తలుపు చప్పుడైంది. మా అన్న వీధిలకు వచ్చిండు.

"ఎవడ్రా ఏడ్సింది?" అని మొదలువెట్టిండు.

నేను కిటికీలకెల్లి లోపలికి చూస్తున్న. మీ అవ్వను మీ అమ్మ చెయ్యి పట్టి మంచం కాడికి తెచ్చింది. రానంటే గుంజింది. అద్దంల కిటికీ వెలుగు పడ్డది, మంచం పడ్డది, దిండు పడ్డది. దిండు మీద తల దువ్వని కాశమ్మ.

మీ అవ్వ నిలబడ్డకాడ నిలబడ్డది. ఫోను కాడికి పోయి అద్దం మీద ఏలు పెట్టింది. అటు నుంచి పెద్దవ్వ ఏదో అన్నది. నాకు వినపడ్తలే, నా చెవిల మా అన్న బండి గుంజుతున్నడు. గాని ఆ మూతి తీరు చూస్తె సమజైంది. తిట్టింది. మా వదిన తిట్టేటప్పుడు కింది పెదవి పక్కకు పోతది, గా పెదవిని నేను మరువను.

మీ అవ్వ ముఖం ఇప్పుకున్నది బిడ్డా. "బతికున్నది" అన్నది. మీ అమ్మను చూసి, మీ నాయనను చూసి, "నన్ను తిడ్తున్నది, బతికున్నది" అన్నది. ఇల్లంత వినపడేటట్టు అన్నది.

ఆ ఎనుక చూసింది నేను జన్మల చూడలే. మీ అవ్వ చేతులు లేచినయి. చప్పుడు లేకుంట పెదవులు పెద్దగ కదిలిచ్చుకుంట, ఏళ్లు తిప్పుకుంట, చెంప మీద కొట్టి, భుజం మీద కొట్టి ముచ్చట వెట్టింది. అటు నుంచి పెద్దవ్వ దిండు మీంచే గట్లనే. ఒకళ్ల మాట అయ్యేదాక ఒకళ్లు ఆగుతలేరు. నేను తిప్పే చేతులు కోతి చేతులు, ఇవి మాటలు. తర్వాత మీ అవ్వ చెప్పింది, పెండ్లికి ముందు ఇద్దరు హుమ్నాబాద్ దిక్కు పత్తి మిల్లుల పని చేసిన్రంట. మిషన్ల మోతకు చెవిల పెట్టి అరిచినా వినపడదంట. ఈ మూల ఉన్నామె ఆ మూల ఉన్నామెతోని పెదవులు, చేతులతోటే పొద్దంత మాట్లాడేదంట. కన్నడంల. మేస్త్రీని గూడ గట్లనే తిట్టుకునేటోళ్లంట, వాని ముంగటనే. "గిన్నేండ్లు కాపురం చేసిన, నాకెందుకు చెప్పలే" అన్న చేతులతోని. "నువ్వు మాట్లాడుతుంటే నాకు సందెక్కడిది" అన్నది.

మా అన్న వాదం సగానికొచ్చింది. నేను ఒప్పుకుంటే ఫోను పెట్టేసి లోపలికి పోతడు. అందుకే లొంగలే. "చక్రం ఎడమదా కుడిదా" అన్న. "ఎడ్లు ఏ రంగువి" అన్న. "అన్నా, నీ కాళ్లకు బురద అంటిందా లేదా, దేవుని మీద చెప్పు" అన్న. ప్రతి మాటకు జర వెనుకకు జరుగుకుంట, మల్ల జర ముందుకొచ్చుకుంట, ఆయనను వీధిల నిలబెట్టిన. చాయి హోటల్ కాడి నుంచి మనుషులొచ్చి చుట్టు చేరిన్రంట, మా అన్న వాళ్లకు మరాఠీల న్యాయం చెప్తున్నడు. నేను ఇక్కడ మా చిన్నప్పటి కన్నడంల కొట్లాడుతున్న. అజీజ్ ఎదురు దుకాణం మెట్ల మీద నిలబడి, "షాబాష్ వీరప్ప" అని చేతితోని చూపిస్తున్నడు.

లోపల పెద్దవ్వ అలిసిపోయి కండ్లు మూసింది. మీ అవ్వ ఆమె మొఖం చూసుకుంట కూసున్నది. అప్పుడు మీ అమ్మ కిటికీ కాడికొచ్చి నాకు సైగ చేసింది. అయిపోయిందని.

నేను గొంతు సవరించుకున్న. "అన్నా" అన్న, "నువ్వే లేపినవ్. బండి నువ్వే గుంజినవ్."

యాభై ఏండ్ల సంది ఆ మాట కోసం నిలబడ్డ మనిషికి, అది దొరికేసరికి ఏం చెయ్యాల్నో తెల్వలే. "సరే, ఆరోగ్యం మంచిగ చూసుకో తమ్మీ" అన్నడు. ఆయన నన్ను తమ్మీ అని పిలిచి ఎన్నేండ్లయిందో. జర సిగ్గయింది గాని, మల్ల పోయింది.

ఇంట్లకు వచ్చిన. మీ అవ్వ నన్ను కిందికి మీదికి చూసింది. పెద్దవ్వ అంత చెప్పేసింది. ఏ మాట ఆమెదో, ఏ మాట నాదో మొత్తం ఒక్క పూటల తేలిపోయినయి. "అక్క నిన్ను ఒక్కపారి గూడ మంచోడనలే" అన్నది. "నీ నోటికి తాళమేసే మిషన్ అజీజ్ దగ్గర దొరుకుతదేమో చూడు" అన్నది. నవ్వుకుంట అన్నది. రొట్టెలు ఏడున్నయి అని తానే వంటింట్లకు పోయింది, ఎన్ని తిన్నదో లెక్క చూడలే, మీ అమ్మకు మల్ల పొయ్యి అంటించాల్సొచ్చింది. తెల్లారి కొంగు బిగించి పక్కింటోళ్ల వాకిట్ల నిలబడి, "మా అక్క ఫోన్లకొచ్చింది, నన్ను తిట్టింది" అని అందరికి చెప్పింది. వాళ్లు ఏమంటున్నరో ఆమెకు వినపడదు, అయినా చెప్పింది.

ఇగ ఫోను కొనాల్నా వద్దా అని ఎవరన్న అడిగితే నేను చెప్త. రెండూ కావాలె. పెద్దది లోపల పెట్టనీకి, పాతది బయట కూసొని కొట్లాడనీకి. ఒక్కటే తక్లీఫ్. నీలం ఫోను నా చేతికి రాదు. ఏ చెంబు కింద, ఏ దిండు కింద పెడ్తదో, నేను ముట్టుకుంటే చెయ్యి మీద కొడ్తది.

పొద్దుగాల చాయి తాగుతుంటే వచ్చి నా ముంగట నిలబడ్డది. బటన్ల ఫోను నా చేతిల పెట్టింది.

"అక్క లేచే యాళ్ళయింది" అన్నది. "బయటికి పోయి మీ అన్నకు ఫోన్ కొట్టు. పోయి ఓడిపో."

రోజుకొకటి ఓడిపోతున్న తల్లీ. మామిడిచెట్టు ఎక్కింది ఎవరో ఓడిపోయిన. సర్కస్‌ల పులిని ముట్టుకుంది ఎవరో ఓడిపోయిన. మా అన్న గిప్పుడు పొద్దుగాలే తయారై వీధిల నిలబడ్తున్నడంట. నా కాడ ముచ్చట్లు అయిపోవస్తున్నయి. రేపు ఏం ఓడిపోవాల్నో నీకేమన్న తోస్తే జల్ది రాయి.

మీ తాత
వీరప్ప